నూకరత్నం అనబడు ప్రోగ్రాం

అనకాపల్లిలో కర్రి నూకరత్నం పేరు వినగానే నలభై దాటిన గుమాస్తాలు ఇప్పటికీ వీపు నిటారుగా పెట్టుకుంటారు. జిల్లాలో సగం ఆఫీసుల్లోని వేళ్ళు ఆవిడ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో తయారైనవే. ఎవరైనా టైపు హయ్యరు పరీక్ష పాసయ్యానని మిఠాయి పట్టుకొస్తే ఆవిడ మెచ్చుకునేది కాదు. "ఎన్ని తప్పులు?" అని మాత్రం అడిగేది. రెండు అంటే, "ఆ రెండూ ఎందుకొచ్చాయో ఆలోచించి రా, అప్పుడు తింటాను" అని పంపించేసేది.

యాభై నాలుగేళ్ళ వయసులో ఆవిడ ఆన్‌లైన్ ఆటలోకి దిగడానికి కారణం కూడా క్రమశిక్షణే. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాక, నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు పాఠం వదిలేసి 'బురుజు' అనే ఆట ఆడుతున్నారని తెలిసింది. అందరినీ బయటికి పంపి, ఇందులో అంత ఏముందో చూద్దామని తనే కూర్చుంది. రెండు పక్షాలు, పక్షానికి అయిదుగురు. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, ఎదుటివాళ్ళ బురుజు పడగొట్టాలి, తమ బురుజు నిలబెట్టుకోవాలి. కత్తి పట్టడానికి అందరూ ఎగబడతారు గాని గోడ కట్టడానికి ఎవరూ రారు. ఒక్క ఇటుక పెట్టాలంటే అడుసుకి ఒకటి, ఇటుకకి ఒకటి, తాపీకి ఒకటి, మొత్తం మూడు కీలు వరసగా నొక్కాలి. వరస తప్పితే పెట్టిన ఇటుక కూడా రాలిపోతుంది.

నూకరత్నం గోడ దగ్గర నిలబడింది. పది నిమిషాలయ్యేసరికి ఎదుటి పక్షంవాళ్ళు కొట్టడం మానేసి, "ఈ గోడ ఎవరు కడుతున్నారండీ?" అని రాసి పంపారు.

అలా మొదలై రెండేళ్ళు తిరిగేసరికి ఆవిడ 'బెల్లం దిమ్మ' అనే జట్టుకి గోడమనిషి అయిపోయింది. జట్టులో మందుల షాపు నడిపే అన్నదమ్ములిద్దరు, ఒక పోస్టుమాన్, పైడినాయుడు. పైడినాయుడు లేతు మిషన్ మీద పనిచేస్తూ పదేళ్ళ కిందట కుడిచేతి మూడు వేళ్ళు పోగొట్టుకున్నాడు. ఆటలో బురుజు చుట్టూ కందకం తవ్వడం అతని పని. దానికీ మూడు కీలే. నిదానంగా, అక్కడక్కడా తడబడుతూ, కాని ఆగకుండా తవ్వేవాడు. వారానికి అయిదు సాయంత్రాలు, ఆరు నుంచి ఏడున్నర దాకా, అనకాపల్లి బురుజు పడిందన్న మాట వినపడలేదు.

ఇంతలో ప్రభుత్వం 'బురుజు కప్పు' ప్రకటించింది. ప్రకటించిన మర్నాడే, కొందరు ఆటగాళ్ళు ఒక్క నొక్కుకి పది కీలు వాటంతటవే పడేలా మాక్రోలూ స్క్రిప్టులూ వాడి మోసం చేస్తున్నారని పేపర్లో వచ్చింది. మూడోరోజున విశాఖపట్నంలో 'అంతర్జాల క్రీడా నిజాయితీ మండలి' ఏర్పడింది. చేపల శాఖలో ముప్ఫై రెండేళ్ళు సేవ చేసి రిటైరైన చెరుకుమిల్లి భానుమూర్తిగారు దానికి అధ్యక్షులయ్యారు. ఆయన మొదటి సమావేశంలోనే, "మాక్రో అంటే ఏమిటి? ఉప్పునీటిదా, మంచినీటిదా?" అని అడిగారు. తెలిసినవాళ్ళు విడమరిచి చెప్పారు. ఆయన కళ్ళు మూసుకుని విని, ఆ తర్వాత స్వయంగా నిర్వచనం రాయించారు.

"నిర్వచనం 2(అ): ముందుగా అమర్చబడిన క్రమమును, ఆలోచన లేకుండా, వేగముగా అమలుపరచునది ఏదైనను మాక్రో అనబడును."

అందరూ చప్పట్లు కొట్టారు. ఈ వలకి చిల్లు లేదని భానుమూర్తిగారు సంతోషించారు.

బెల్లం దిమ్మ జట్టు ఫైనలుకి చేరిన వారానికి నూకరత్నానికి రిజిస్టరు పోస్టులో నోటీసు వచ్చింది. తెచ్చిచ్చింది జట్టులోని పోస్టుమానే. సంతకం పెట్టించుకుంటూ, "చదవకండి మేడమ్, మనసు పాడైపోతాది" అన్నాడు.

"విషయం: కర్రి నూకరత్నం అనబడు ప్రోగ్రాం. సదరు ప్రోగ్రాం సెకనుకు పదకొండు నొక్కుల చొప్పున, పదమూడు ఆటలలో ఒక్క తప్పు లేకుండా ఇటుకలు పేర్చినట్లు మండలి దృష్టికి వచ్చినది. కావున సదరు ప్రోగ్రాం స్వయముగా గాని, న్యాయవాది ద్వారా గాని విచారణకు హాజరు కావలెను."

ఆవిడ రెండుసార్లు చదివింది. పరీక్షల్లో ఇన్విజిలేటరుగా ఉన్న రోజుల్లో, పక్కవాడి కాగితం వైపు మెడ తిప్పినందుకు సొంత మేనల్లుడిని హాల్లోంచి పంపేసిన మనిషి.

"ఏటి, నేను కాపీ కొట్టేననా?" అంది.

"కాపీ కాదు మేడమ్. మీరు అసలు లేరంటన్నారు" అన్నాడు పోస్టుమాన్.

విచారణకి పైడినాయుడు తోడు వెళ్ళాడు. మండలి ఆఫీసు మూడో అంతస్తు. భానుమూర్తిగారు మధ్యలో కూర్చున్నారు. పక్కన సూపరింటెండెంటు జోగారావు ఫైలు పట్టుకుని నిలబడ్డాడు. నూకరత్నం గుమ్మంలో కనపడగానే జోగారావు వీపు తనంతట తానే నిటారైంది. ఇరవై నాలుగేళ్ళ కిందట హయ్యరులో ఒకే ఒక్క తప్పుతో పాసై, ఆవిడ చేత సగం మైసూరుపాకు తినిపించగలిగినవాడు అతను.

"ప్రోగ్రాం వచ్చినదా?" అన్నారు అధ్యక్షులు.

"నేనే వచ్చేనండి" అంది నూకరత్నం.

"మంచిది. సూటిగా అడుగుతాను. మీరు కీ నొక్కుటకు పూర్వము ఆలోచిస్తారా?"

"ఆలోచిస్తే వేలు ఆగిపోతాదండి."

"అనగా ఆలోచన లేదు."

"వేళ్ళకి తెలుసండి. ముప్ఫయ్యేళ్ళయింది కదా."

"అనగా క్రమము ముందుగానే అమర్చబడి ఉన్నది."

"అమర్చడం ఏటండి? అలవాటు. అభ్యాసం కూసు విద్య అన్నారు కదా పెద్దలు!"

భానుమూర్తిగారు జోగారావు వైపు తిరిగి మెల్లగా అన్నారు: "నేరాంగీకారము. వ్రాసుకొనండి."

అయినా మండలి న్యాయంగా ఉండదలచింది. ఆవిడకి మానవ పరీక్ష పెట్టారు. చేపల చెరువుల లీజు నిబంధనల మీద ఒక పేజీ ఇచ్చి టైపు చెయ్యమన్నారు. కాగితం అందిస్తూ జోగారావు వంగి, "మేడమ్, ఒక్క రెండు తప్పులు కొట్టీయండి. మనిషైపోతారు. ఇంటికెళ్ళిపోదురు గాని" అని గుసగుసలాడాడు.

నూకరత్నం తలెత్తి చూసింది. "జోగారావూ, నువ్వేనా నాతో ఈ మాటంటున్నావు?"

అతను ఫైలు సర్దుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

నిజానికి ఆవిడ ప్రయత్నించింది. చివరి లైనుకొచ్చాక 'చెరువుల' దగ్గర ఒక్క కీ పక్కకి కొడదామనుకుంది. ఫైనలుంది, జట్టుంది, ఒక్క అక్షరం తప్పయితే పోయేదేముంది అనుకుంది కూడా. కాని ఎదురుగా తన శిష్యుడు నిలబడి ఉన్నాడు. వేలు పక్కకి వెళ్ళలేదు. పేజీ రెండు నిమిషాల పది సెకన్లలో అయిపోయింది. ముగ్గురు ఉద్యోగులు భూతద్దం పెట్టి వెతికారు, తప్పు దొరకలేదు.

"తప్పు చేయుట మానవ లక్షణము" అని చదివారు అధ్యక్షులు. "ఇందు తప్పు లేదు. కావున ఇందు మానవుడును లేడు. కర్రి నూకరత్నం మాక్రో అని నిర్ధారించడమైనది."

అప్పుడు వెనక బెంచీ మీంచి పైడినాయుడు లేచాడు. చేతిలో సంచీ ఉంది. అందులోంచి పాదమంత ఇనుప ముక్క ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆవిడ కాదండి. మాక్రో నాది."

అందరూ ఆ ఇనుము వైపు వంగి చూశారు.

"ఇది లేతు మీద నేనే తిప్పేను. కాలితో దీన్ని తొక్కితే మూడు కీలూ వరసన పడిపోతాయి. తెలిసినోడొకడు స్క్రిప్టు రాసిచ్చేడు. అనుమానం రాకుండా మనిషి తడబడినట్టు తడబాటు కూడా అందులోనే పెట్టీసేడు. నన్ను తీసీయండి. ఆవిణ్ణి వొదిలీయండి."

జోగారావు ఫైలు తిరగేశాడు. "సార్, ఈయన పరీక్ష ఇదివరకే అయిపోయింది. నొక్కులలో అస్తవ్యస్తత నూటికి తొంభై ఎనిమిది. ధ్రువీకృత మానవుడు. మనం ప్రశంసాపత్రం కూడా పంపాం."

భానుమూర్తిగారు పైడినాయుడి వైపు దయగా చూశారు. "నాయనా, ధ్రువీకరణ పొందిన మానవుడు తాను యంత్రమునని భ్రమపడుట కూడా పొరపాటే. పొరపాటు మానవ లక్షణమని ఇప్పుడే సెలవిచ్చితిమి. మీ వాంగ్మూలము మీ మానవత్వమును మరింత బలపరచుచున్నది. ఆ ఇనుము తీసుకుని వెళ్ళిరండి."

ఆర్టీసీ కాంప్లెక్సులో అనకాపల్లి బస్సు కోసం ఇద్దరూ అరగంట నిలబడ్డారు. పైడినాయుడు పిడత కింద పప్పు రెండు పొట్లాలు కట్టించుకొచ్చి ఒకటి ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ పట్టుకుంది గాని తినలేదు.

"తిట్టండి మేడమ్" అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీనండి. ఒక్క గునపం పోటుకి మూడు వేళ్ళు కావాల. ఎడంచెయ్యి మనిషిని నడపడానికే సరిపోతాది. ఈ చేతికున్నవి రెండు."

"ఆడడం తప్పని నేననను నాయుడూ. తప్పో ఒప్పో నాకు తెల్దు. ముప్ఫయ్యేళ్ళలో ఇలాటి లెక్క నాకు తగల్లేదు. చెప్పకపోడం మాత్రం తప్పే. అడిగితే వొద్దంటాననుకున్నావా?"

"అనరని తెలుసండి." అతను తన చేతి వైపు చూసుకున్నాడు. "జాలి పడతారని భయమేసింది."

బస్సొచ్చింది. ఎక్కి కూర్చున్నాక, గాజువాక దాటే దాకా ఆలోచించి, ఆవిడ పొట్లం విప్పింది.

నూకరత్నం తీర్పు మండలికి కొత్త దారి చూపించింది. అభ్యాసమంటే శరీరంలో దాచిపెట్టిన మాక్రో అని తేలిపోయాక, దాచిపెట్టినవాళ్ళందరినీ పట్టుకోవలసిన బాధ్యత వారి మీద పడింది. వారంలో స్పష్టీకరణ ఉత్తర్వు వెలువడింది: "ఏ క్రీడాకారుడును ఆట నేర్చుకొని ఆడరాదు." రోజూ సాధన చేసినట్టు తెలిసినవాళ్ళనందరినీ పక్కన పెట్టారు. ఆడదలచినవాళ్ళు తహశీల్దారు సంతకంతో 'అనభ్యాస ధ్రువపత్రం' తేవాలన్నారు. తహశీల్దారు ఆఫీసుల ముందు క్యూలు కట్టారు. మందుల షాపు అన్నదమ్ములకీ పోస్టుమాన్‌కీ కూడా అక్కడే ధ్రువపత్రాలు దొరికాయి. "మావాడికి ఏదీ చేతకాదండి, పుట్టినప్పట్నుంచీ ఇంతే" అని తల్లులు సాక్ష్యం చెప్పారు. ఒక హెడ్మాస్టరు తన పూర్వ విద్యార్థి గురించి, "ఈతడు పదేళ్ళలో ఏ ఒక్కటీ నేర్చుకోలేదని నేను వ్యక్తిగతంగా ఎరుగుదును" అని గర్వంగా రాసిచ్చాడు. నేర్చుకున్నామని ఒప్పుకున్న అమాయకులు మాత్రం అప్పీలు పెట్టుకున్నారు. తొమ్మిది వేల నాలుగు వందల పన్నెండు అప్పీళ్ళు వచ్చి మూడో అంతస్తు వరండా నిండిపోయింది. ఫైనలుకి రావలసిన తుని జట్టు మొత్తం అందులోనే ఉంది.

ఇన్ని అప్పీళ్ళని తిరస్కరించడానికి మండలిలో మనుషులు లేరు. అప్పుడు భానుమూర్తిగారికి తొమ్మిదో సెక్షను గుర్తొచ్చింది.

"నిర్ధారిత ప్రోగ్రాములు మండలి స్వాధీనమగును. వాటిని ప్రజోపయోగార్థము వినియోగింపవలెను. స్వాధీనపరచని యెడల సంబంధిత జట్టు శాశ్వతముగా బహిష్కరింపబడును."

ఫైనలు ఇంకా పన్నెండు రోజులుంది. నూకరత్నం మర్నాడు పొద్దున్నే బస్సెక్కింది. "మా జట్టు పోకూడదు. నా ఒక్కదాని మూలాన నలుగురూ ఇంట్లో కూర్చోడం ఏటి?" అంది ఆపబోయిన పైడినాయుడితో.

ఆఫీసులో అటెండరు స్టిక్కర్ల చుట్టతో ఎదురొచ్చాడు. "ప్రోగ్రాంకి నంబరు అంటించమన్నారండి. ఎక్కడ అంటించమంటారు?" అని ఇబ్బందిగా అడిగాడు. బోలెడు చర్చ అయ్యాక ఆవిడ హ్యాండ్‌బ్యాగు మీద అంటించారు. ఆవిడని కిటికీ పక్క, ప్లగ్గుకి దగ్గరగా కూర్చోబెట్టారు. ఒంటిగంటకి అందరూ క్యారేజీలు విప్పుతుంటే ఆవిడా తన డబ్బా తీసింది. అధ్యక్షులు అటుగా వెళుతూ ఆగారు.

"ప్రోగ్రాములకు భోజన విరామము నిబంధనలలో లేదు."

జోగారావు అరగంటలో నోటు పెట్టి ఆమోదం తెచ్చాడు. ఒంటిగంట నుంచి ఒంటిగంటన్నర దాకా 'చల్లబరచు విరామం'. నాలుగింటికి టీ కూడా అదే ఫైల్లో వచ్చింది.

పని తేలికైనదే. అప్పీలుదారు పేరు, నంబరు కొట్టాలి. కింద ఒకే పేరా: "మీ అప్పీలును క్షుణ్ణముగా పరిశీలించిన మీదట, అందు పరిశీలించదగినది ఏమియు లేనందున తిరస్కరించడమైనది."

నూకరత్నం కట్టల వైపు చూసింది. "ఇవి ఎవరు చదివేరు జోగారావూ?"

"చదవడానికి మనకి సెక్షను లేదు మేడమ్."

"అందరికీ ఒకటే పేరా?"

"పేరూ నంబరూ మారతాయి కదండీ. మీరు కొట్టి పెడితే సారు ఒక్క బటన్ నొక్కుతారు. అన్నిటి మీదా సంతకం పడిపోతాది."

"చూడకుండా? ఒక్క నొక్కుతో?"

"అవును మేడమ్."

"అది మాక్రో కాదేటి?"

జోగారావు ఒక క్షణం ఆలోచించాడు. "కాదు మేడమ్. అది ప్రొఫార్మా."

చల్లబరచు విరామంలో ఆవిడ అప్పీళ్ళు చదవసాగింది. నరసాపురం నుంచి లేసు అల్లే ఆవిడ రాసింది: "అయ్యా, నా వేళ్ళు ఆలోచించవు. ఆలోచిస్తే కుట్టు తప్పుతుంది. ఇది నేరమని మా అమ్మ చెప్పలేదు." మృదంగం వాయించే ఒకాయన, అభ్యాసం మానితే ఆట ఒక్కటే కాదు అన్నమూ పోతుందని రాశాడు. కళ్ళు కనిపించని ఒకతను, తెర మీది సంగతి చదివి వినిపించే స్క్రిప్టు లేకపోతే తనకి బురుజు ఎక్కడుందో తెలియదని, దాంతో కూడా తను ఎప్పుడూ ఓడిపోతూనే ఉన్నానని, ఓడిపోవడానికైనా అనుమతించమని వేడుకున్నాడు. ఆ కాగితం నూకరత్నం చాలాసేపు కింద పెట్టలేదు.

కీబోర్డు దగ్గరికి వచ్చి కూర్చుంది. ఒకసారి కొట్టి అన్నిటికీ అతికించే పద్ధతి ఆవిడకి చిన్నతనం. ఒక్కొక్కరికీ పేరా మొత్తం విడిగా కొట్టడం మొదలుపెట్టింది. చివరి మాట దగ్గరికి వచ్చి ఆగింది. ముప్ఫయ్యేళ్ళలో మొదటిసారి, కీ నొక్కే ముందు ఆలోచించింది. 'తిరస్కరించడమైనది' అనవలసిన చోట 'ఆమోదించడమైనది' అని కొట్టింది.

ఆరు రోజుల్లో తొమ్మిది వేల నాలుగు వందల పన్నెండు ఉత్తర్వులు తయారయ్యాయి. ఆరోరోజు సాయంత్రం భానుమూర్తిగారు ఎడమచేత్తో టీ తాగుతూ కుడిచేత్తో బటన్ నొక్కారు.

రెండురోజుల తర్వాత ఆఫీసు ముందు దండలతో జనం చేరారు. పరిశీలించదగినది ఏమీ లేదని ఒప్పుకుంటూనే ఆమోదించిన మహానుభావుడిని చూడాలని నరసాపురం నుంచి లేసు శాలువా కూడా వచ్చింది. భానుమూర్తిగారు శాలువా కప్పుకుని, నవ్వుతూ లోపలికొచ్చి, ఉత్తర్వు కాపీ ఒకటి చదివి, శాలువాతోనే కుర్చీలో కూలబడ్డారు. వెంటనే అత్యవసర సమావేశం పెట్టారు. నూకరత్నాన్ని కూడా, సంబంధిత పరికరంగా, గదిలో ఒక మూల కూర్చోబెట్టారు.

"ఇది విధ్వంసము! కావాలని చేసినది!" అని గర్జించారు అధ్యక్షులు.

జోగారావు ఫైలు చేత్తో పట్టుకుని లేచాడు. "కావాలని చేయాలంటే ఆలోచించాలి సార్. ఆలోచించిందంటే ప్రోగ్రాం కాదు. అప్పుడు మనం ఒక ఆడమనిషికి నంబరు తగిలించి ఆరు రోజులు బంధించినట్టు రికార్డవుతుంది."

"అటులైన పొరపాటున పడినది."

"పొరపాటు చేసేది మనిషేనని మీ తీర్పేనండి. అలాగైనా ఆవిడ మనిషే."

"అయితే నేను చదువక సంతకము చేసితినని, ఆ సంతకము చెల్లదని వ్రాయుడు."

జోగారావు గొంతు సవరించుకున్నాడు. "ముందుగా అమర్చిన క్రమాన్ని, ఆలోచన లేకుండా, వేగంగా... నిర్వచనం 2(అ) తమకే వర్తిస్తుంది సార్. తర్వాత తొమ్మిదో సెక్షను."

మండలి సభ్యులందరూ అధ్యక్షుల వైపు కొత్తగా చూశారు. గుమ్మం దగ్గర అటెండరు, సాయం చేద్దామనే ఉద్దేశంతో, "స్టిక్కర్లు ఇంకా చాలా ఉన్నాయండి" అన్నాడు.

పావుగంట తర్వాత ఏకగ్రీవ తీర్మానం వెలువడింది. ఉత్తర్వులన్నీ సక్రమమే. ప్రోగ్రాము పనితీరు సంతృప్తికరము.

సమావేశం ముగిశాక జోగారావు ఆవిడ కుర్చీ పక్కకి వచ్చి నిలబడ్డాడు. "మేడమ్, మీరు మనిషినని ఒక్క కాగితం రాసిచ్చీండి. కేసు కొట్టీక తప్పదు వాళ్ళకి. ఫైనలు ఆడుకోవచ్చు."

"మరి ఈ ఆర్డర్లు?"

అతను తల దించుకున్నాడు. "మీరు మనిషైతే అవి ప్రోగ్రాం ఇచ్చినవి కావు. మొత్తం రద్దవుతాయి. తుని జట్టుతో సహా."

నూకరత్నం కిటికీలోంచి కింద జనాన్ని చూసింది. రెండేళ్ళుగా ఆవిడ ఎదురుచూసింది ఆ ఒక్క ఆట కోసమే. పరీక్షకి కట్టిన ఆడపిల్లలా, ఏ చీర కట్టుకోవాలో కూడా అనుకుని పెట్టుకుంది. మనిషినని చెప్పుకోవడానికి ఇంత ఖరీదుంటుందని ఎవరూ ఆవిడకి చెప్పలేదు.

"ఉండనీ" అంది చివరికి. "ప్రోగ్రామనే ఉండనీ."

ఫైనలు మండలి కింది హాల్లో పెట్టారు. గోడకి పైడినాయుడు, కందకానికి కొత్తగా చేరిన అతని లేతు షాపు యజమాని. ఎదురుగా తుని జట్టు. దాని నాయకురాలు గ్రేస్ మణి ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఆట మొదలయ్యే ముందు పైడినాయుడు ఇనుప పెడలు అందరికీ కనపడేలా బల్ల మీద పెట్టి, అది ఏం చేస్తుందో దాచకుండా చెప్పాడు.

అంపైరు జాబితా చూశాడు. "మీరు ధ్రువీకృత మానవులు. ఆ వస్తువు ఏదైనప్పటికీ అది మీ అవయవంగానే పరిగణించబడుతుంది."

"మిమ్మల్నడగలేదండి" అన్నాడు పైడినాయుడు. "వాళ్ళనడుగుతున్నాను."

గ్రేస్ మణి దగ్గరికొచ్చి అతని చెయ్యి చూసింది. నర్సు కాబట్టి మొహంలో ఏ మార్పూ లేదు. తన జట్టు వైపు తిరిగి రెండు మాటలు మాట్లాడి వచ్చింది.

"ఆడుకోండన్నా, మాకేం అభ్యంతరం లేదు. కాని ఆ తడబాటు ఉందే, అది తీసెయ్యండి. మీరెలా ఆడతారో అలాగే ఆడండి. మేం చూసి కొడతాం."

పైడినాయుడు స్క్రిప్టు రాసిచ్చినవాడికి ఫోను చేసి అక్కడికక్కడే ఆ తడబాటు తీయించేశాడు. ఆట పంతొమ్మిది నిమిషాలు సాగింది. చివర్లో తుని బాణాలు పడమటి గోడ మీద వరసగా పడ్డాయి, నాలుగు ఇటుకల తేడాతో అనకాపల్లి బురుజు కూలింది. పైడినాయుడు లేచి గ్రేస్ మణికి దండం పెట్టాడు. అతను అంత తేలిగ్గా నవ్వడం నూకరత్నం ఎప్పుడూ చూడలేదు. భానుమూర్తిగారు కప్పు అందిస్తూ, వలలో పడని చేపే నిజమైన చేప అని ఉపన్యసించారు.

అందరూ లేస్తుండగా గ్రేస్ మణి కప్పు బల్ల మీద పెట్టేసి చుట్టూ చూసింది. "ఆ గోడావిడ ఏరీ? మేం అసలు ఆవిడ గోడ పడగొడదామని వచ్చాం."

వెనక వరసలోంచి నూకరత్నం లేచింది. అనుకుని పెట్టుకున్న చీరే కట్టుకొచ్చింది.

"ప్రోగ్రాములు ఆడరాదు!" అని అంపైరు అడ్డొచ్చాడు.

"ఆట కాదండి" అంది గ్రేస్ మణి. "ఊరికే."

అంపైరు నిబంధనల పుస్తకం మొదటి నుంచి చివరి దాకా తిరగేశాడు. 'ఊరికే' అన్న దానికి సెక్షను లేదు. అతను వెతుకుతుండగానే లేతు షాపు యజమాని లేచి తన కుర్చీ నూకరత్నానికిచ్చాడు, పదిమందీ కూర్చున్నారు. తుని వాళ్ళు కొట్టారు. నూకరత్నం కట్టింది. ఇరవై నిమిషాలు, నలభై, గంట. జోగారావు నిటారుగా నిలబడి చూస్తున్నాడు. భుజం మీది నరసాపురం శాలువా జారిపోయిన సంగతి తెలియక భానుమూర్తిగారు తెర ముందుకి వంగి, "పడమర! పడమర వైపమ్మా!" అని అరుస్తున్నారు.

అయిదున్నరకి వాచ్‌మన్ వచ్చి, ఆఫీసు టైము అయిపోయిందని మెయిన్ స్విచ్చి ఆపేశాడు. తెరలన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి. ఆ తర్వాత కూడా నూకరత్నం వేళ్ళు ఇంకో రెండు ఇటుకలు పెట్టాకే ఆగాయి.